తన దారి తానే ఊడ్చుకునే తలుపు

కాక చనిపోయిన సంగతి ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆమె మరాఠీ ఇంటి పిల్ల. "తాయీ, బాబా గేలే" అంది. నేను పలకకపోయేసరికి అర్థం కాలేదనుకుందేమో, "బాబా పోయిండు అక్కా" అని తెలుగులో మళ్లీ చెప్పింది. నాకు మొదటిసారే అర్థమైంది. పొద్దున టీ తాగి, బజారుకు పోదామని చెప్పులు వేసుకుంటూ కూలబడ్డాడట. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

బాపుకు, అంటే మా నాన్నకు, ఎట్లా చెప్పాలో తెలియక వంటింట్లో కాసేపు నిలబడ్డాను. రెండేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. గుండె కూడా అంత గట్టిది కాదని డాక్టరు చెప్పి ఉన్నాడు. చివరికి గదిలోకి వెళ్లి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "ఎప్పుడు?" అన్నాడు. పొద్దున అని చెప్పాను. నేను బయటికి రాగానే ఎడమ కాలితో నేలను నెట్టుకుంటూ చక్రాల కుర్చీని గుమ్మం దాకా నడుపుకొని వచ్చి, ఎడమ చేత్తో తలుపు జరిపి మూసుకున్నాడు. అరగంట తర్వాత తనే తెరిచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంగీ ఇవ్వమన్నాడు, పోదామన్నాడు.

ఆ తలుపు మూసుకున్నప్పుడు గానీ తెరుచుకున్నప్పుడు గానీ చప్పుడు కాలేదు. దాన్ని అట్లా చప్పుడు లేకుండా చేసిన మనిషి గురించే ఈ నాలుగు మాటలు. పదకొండో రోజు కూడా అయిపోయింది. నేను చదివిందంతా చంద్రపూర్ మరాఠీ బడిలో. తెలుగు రాయడం ఇంట్లో బాపు నేర్పించాడు. అందుకని ఇందులో ఒప్పులుంటే ఆయనవి, తప్పులుంటే నావి అనుకోండి.

కాక నాకు రక్తసంబంధం కాదు. బాపూ ఆయనా ఒకే బొగ్గు గనిలో, ఒకే బెల్టు మీద ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. గనిలోంచి బొగ్గును మోసుకొచ్చే పొడవాటి రబ్బరు బెల్టు అది. బాపు దాన్ని నడిపే మనిషి, కాక దాన్ని బాగుచేసే ఫిట్టరు. రిటైరయ్యాక ఇద్దరూ ఒకే గల్లీలో ఇళ్లు కొనుక్కున్నారు. మా ఇంటి నుంచి నాలుగో ఇల్లు కాకది. వయసులో బాపు పెద్ద కాబట్టి ఆయన "అన్నా" అనేవాడు, బాపు "తమ్మీ" అనేవాడు. అట్లా నాకు కాక, అంటే బాబాయి వరుస, అయ్యాడు.

బాపు కరీంనగర్ దిక్కు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. కాకది రాజురా అవతల సరిహద్దు ఊరు, తాతల నాటి నుంచి పత్తి చేనూ జొన్న చేనూ చేసుకున్న ఇల్లు. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు హైదరాబాద్ రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆయన బడికి పోయే వయసు వచ్చేసరికి దాన్ని అటు నుంచి ఇటు, ఇప్పటి మహారాష్ట్ర దిక్కుకు, ఇచ్చేశారు. దాంతో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయింది. కొత్తగా పరిచయమైనవాళ్లు తెలుగు విని "మీరు ఎక్కడి నుంచి వచ్చిండ్రు?" అని అడిగితే కాకకు ఒళ్లు మండేది. "మేం ఏడికెల్లీ రాలే. మేం ఉన్న జాగల్నే ఉన్నం. హద్దే లేచి అటు పోయింది" అనేవాడు. ఆ మాట కనీసం వంద సార్లు విన్నాను. వంద సార్లూ కొత్తగా చెప్పినట్టే చెప్పేవాడు.

మొన్నటి రెండేళ్లూ ఆ మాటకు గిరాకీ ఎక్కువైంది. తెలంగాణ వేరుపడుతుందా లేదా అని అందరిళ్లలో అదే ముచ్చట. బల్లార్షా స్టేషన్ దిక్కు నుంచి ఎవరో ఒకరు తెలుగు పేపరు తెస్తే అది చేతులు మారి, మూడో రోజుకు మా ఇంటికి చేరేది. బాపు చదివేవాడు, కాక వినేవాడు. కాకకు తెలుగు అక్షరాలు రావు. నేల మీద కూర్చుని గోడకు ఆనుకొని, కాళ్లు చాపి వినేవాడు. ఎవరింటికి పోయినా కుర్చీ ఎక్కేవాడు కాదు. ఫిట్టరు పనంతా నేల మీదే గనుక నడుము అట్లా అలవాటైపోయిందనేవాడు. టీ మాత్రం సగం గ్లాసే పోయమనేవాడు. అది తాగి ఇంకో సగం అడిగేవాడు. ఒకేసారి నిండుగా పోస్తే ముట్టేవాడు కాదు. నాకది ఎప్పటికీ అర్థం కాలేదు, ఒప్పుకుంటున్నాను.

పక్షవాతం వచ్చాక బాపు మాట ముద్దయింది. పేపరు చదవడం మానేశాడు. కాక వారం ఆగి, మామూలుగానే పేపరు పట్టుకొచ్చి చేతిలో పెట్టాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. "మెల్లగ చదువన్నా. నాది మరాఠీ చదువు, తెలుగు లేటుగ ఎక్కుతది" అన్నాడు కాక. పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడిన మనిషి! బాపు ఒక్కో మాటా కూడదీసుకొని చదవడం మొదలుపెట్టాడు. ఒక వార్త పూర్తయ్యేసరికి గంట పట్టింది. కాక ఎక్కడా మాట అందించలేదు, తొందర పెట్టలేదు. ఇప్పుడు బాపు మాట కాస్త తేటపడిందంటే అందులో మందుల పాలు ఎంతో, కాక పాలు ఎంతో నేను చెప్పలేను.

ఇక ఆ తలుపు సంగతి. మాది రెండు గదులూ ఒక హాలూ ఉన్న ఇల్లు. నన్ను కన్న అవ్వ పోయాక బాపూ నేనూ మిగిలాం. నాకు పెళ్లెందుకు కాలేదని అడిగేవాళ్లు అడిగి అడిగి అలసిపోయారు గనుక ఆ విషయం వదిలేద్దాం. హాల్లో కుట్టుమిషన్ పెట్టుకొని రవికెలు కుడతాను. బాపుకు జబ్బు చేశాక మధ్య గది ఆయనకిచ్చాం. కానీ ఆ గది తలుపు లోపలికి తెరుచుకునేది, చక్రాల కుర్చీకి తగిలేది. కుర్చీ వెనక్కి పోవాలి, తలుపు తెరవాలి, మళ్లీ ముందుకు రావాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. అందుకని వడ్రంగిని పిలిచి పక్కకు జరిగే తలుపు పెట్టించాం. కింద రెండు చిన్న చక్రాలు, వాటిని రోలర్లంటారు. అవి నడవడానికి నేల మీద అల్యూమినియం పట్టా. బాపు మంచం పక్కనున్న రాడ్డు పట్టుకొని కుర్చీలోకి జరిగేవాడు, ఎడమ చేత్తో తలుపు నెట్టేవాడు, హాలు దాటి వెనకనున్న బాత్రూంకు తనే పోయేవాడు. పదిహేను నిమిషాలు పట్టేది. పడితే పట్టనీ, ఆయన పని ఆయన చేసుకునేవాడు.

ఏడాది తిరిగేసరికి తలుపు గురగురమనడం మొదలుపెట్టింది. కాక వచ్చి తన డబ్బాలోంచి గ్రీజు తీసి పట్టా పొడవునా రాశాడు. బొగ్గు గని ఇళ్లలో గ్రీజు డబ్బా లేని ఇల్లుండదు. తలుపు బందుకైనా, సైకిలు చైనుకైనా, బోరింగు పిడికైనా మాకు తెలిసిన మందు అదొక్కటే. ఆ వారమంతా తలుపు వెన్నలా నడిచింది. తర్వాత మెల్లమెల్లగా బిగిసింది. కాకను మళ్లీ పిలవడం ఎందుకులే అని నేను కొబ్బరినూనె పోశాను. శనివారం తలకు పెట్టుకోగా మిగిలింది పట్టాలో ఒంపేదాన్ని. ఇంకా బిగిసింది. ఇంకా పోశాను.

ఎండాకాలం వచ్చింది. చంద్రపూర్ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, మధ్యాహ్నం కుక్క కూడా గల్లీ దాటదు. అప్పటికి తలుపు బాపు చేతికి లొంగడం మానేసింది. నేను అటుపక్క నుంచి కాలితో కాస్త ఎత్తి, భుజంతో నెడితే కదిలేది. బాపు "బిడ్డా" అని పిలిచేవాడు. నేను నోట్లో సూదీ దారమూ పెట్టుకొని లేచి వెళ్లేదాన్ని. రోజుకు ఆరు సార్లు, ఏడు సార్లు. పెళ్లిళ్ల సీజను, రవికెల గుట్ట పక్కనే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన పిలిస్తే, "ఇప్పుడే గద పోయి వచ్చినవు బాపూ" అన్నాను. కోపంగా కూడా అనలేదు, విసుగ్గా అన్నాను. అంతే. ఆయన "ఆఁ, మల్ల పోత లే" అన్నాడు. నేను తిరిగి మిషన్ మీద కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన పిలవడం తగ్గింది. రోజుకు మూడు సార్లు, రెండు సార్లు. నా పని సాగుతోంది కదా, నేను సంతోషపడ్డాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. పది పన్నెండు రోజులకు బాపుకు చలిజ్వరం, మూత్రంలో మంట. డాక్టరు చూసి, ఈ ఎండల్లో మనిషి సరిగ్గా నీళ్లు తాగకపోతే ఇట్లాగే అవుతుందని నన్ను కోప్పడ్డాడు. మందులు రాసిచ్చి, రోజంతా నీళ్లు పట్టించమన్నాడు. మంచం పక్కన పెద్ద సీసా పెట్టాను. పొద్దున నింపింది సాయంత్రానికి రెండు వేళ్లు తగ్గేది. ముసలితనం, నోటికి ఏదీ రుచించడం లేదు కాబోలు అనుకున్నాను. గదమాయించాను, బతిమాలాను. దప్పిక లేదనేవాడు.

కాక అప్పుడు మనవరాలి పెళ్లి పనుల మీద తన సొంత ఊళ్లో ఉన్నాడు. తిరిగి రాగానే బాపుకు జ్వరమని తెలిసి నేరుగా మా ఇంటికి వచ్చాడు. తలుపు సగం తెరిచి ఉంది. దాన్ని పట్టుకొని జరపబోయాడు, కదల్లేదు. వంగి పట్టాలో వేలు పెట్టి చూశాడు. లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. సీసా వైపు చూశాడు. బాపు వైపు చూశాడు. నేను సగం గ్లాసు టీ తెచ్చి పెడితే ముట్టలేదు.

"ఇంట్ల గూడ బెల్టు డ్యూటీనేనా అన్నా?" అన్నాడు.

బాపు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కాక నా వైపు తిరిగి చెప్పాడు. బెల్టు మీద బొగ్గు ఒకదాని నుంచి ఇంకోదాని మీద పడే చోట ఒక మనిషి కాపలా ఉండాలట. వదిలిపోతే బొగ్గు గుట్టపడి బెల్టు తెగిపోతుంది. షిఫ్టంతా మూత్రానికైనా అక్కడి నుంచి కదలడానికి లేదు, మార్చే మనిషి వస్తాడన్న నమ్మకమూ లేదు. అందుకని ఆ డ్యూటీ పడినవాళ్లు పొద్దుటి నుంచే నీళ్లు తాగేవాళ్లు కాదు. దప్పికైతే పెదాలు తడుపుకొని ఊసేవాళ్లు. బాపు అందులో ఆరితేరినవాడట. "నీ పని ఆగొద్దని ఈ ముసలోడు డ్యూటీ చేస్తుండు బిడ్డా" అన్నాడు.

నేను అక్కడ నిలబడలేకపోయాను. వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఇప్పుడే గద పోయి వచ్చినవు అన్న మాట నాదే. ఆ మాట ఆయన చెవిలో ఎన్ని రోజులు తిరిగి ఉంటుందో. మా బాపు దప్పికను చంపుకొని నాకు రవికెలు కుట్టుకునే తీరిక ఇచ్చాడు, నేను దాన్ని తీసుకున్నాను.

మొహం కడుక్కొని వచ్చి, అయితే తలుపే పీకేద్దాం కాకా, పరదా కడితే పోతుంది, పీడ వదులుతుంది అన్నాను. నాకు అదే సులువుగా తోచింది. బాపు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం చూసి కాకకు కోపం వచ్చింది. నా మీద ఆయన కోపం చేసింది ఆ ఒక్కసారే.

"నీ గదికి తలుపు లేకుంటే నువ్వుంటవా? తెరుచుడే గాదు బిడ్డా, మూసుకునుడు గూడ ఉండాలె మనిషికి."

తర్వాత బాపు వైపు తిరిగి గొంతు తగ్గించి, గ్రీజు పెట్టింది నేనే అన్నా, తప్పు నాది అన్నాడు. ముప్పై ఏళ్లు రోలర్లు మార్చినవాడినై ఉండి, దుమ్ములో గ్రీజు రాస్తే అది సానబట్టే ముద్ద అవుతుందని తెలిసి కూడా, ఇల్లే కదా అని రాశానన్నాడు. నేను కొబ్బరినూనె సంగతి కూడా అప్పుడే ఒప్పుకున్నాను. బాపు గోడ వైపు నుంచి ఇటు తిరిగి, "మీ ఇద్దరిది గాదు. ఈ ఊరి దుమ్ముది" అన్నాడు. ఊరికి తలుపు రిపేరు చేయడం తెలియదు గనుక మనమే చేసుకుందామన్నాడు కాక.

మర్నాడు పొద్దున్నే పనిముట్ల సంచీ వేసుకొని వచ్చాడు. పట్టా చివర అడ్డంగా ఉన్న చిన్న బిళ్ల విప్పి, నన్ను ఒక పక్క పట్టుకోమని, తలుపును పైకెత్తి, కింది అంచును పక్కకు లాగి బయటికి తీశాడు. రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టాం. రోలర్లు విప్పి నా అరచేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సిన చక్రాలు ఒకవైపు కోసినట్టు చదునైపోయాయి. తిరగడం మానేసి ఈడ్చుకుపోతే అట్లా అరుగుతాయట. ఇరుసులో నల్లటి ముద్ద, ముద్దలో దారాలు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, ఏడాదిగా నేను కుట్టిన రవికెలన్నిటి దారాలూ అక్కడ చుట్టుకొని ఉన్నాయి. కాక వాటిని సూదితో ఒక్కొక్కటే లాగి పేపరు మీద పరిచి, ఇది మీ చిన్నమ్మ రవికెది, నువ్వు చంకల బిగువు పెట్టినవని ఇప్పటికీ తిడుతది అన్నాడు. చిన్నమ్మంటే ఆయన భార్య. ఆ రవికె నేను మళ్లీ విప్పి కుట్టిచ్చాను, అది ఆయనకు గుర్తుండదు.

చక్రాలు దండగవని, నాసి రకమని నేను వడ్రంగిని తిడుతుంటే కాక ఆపాడు. "అరిగిందాన్ని తిట్టకు. అరగగొట్టిందేందో చూడు" అన్నాడు. ఈ మాట ఆయన మిక్సీల గురించి, మోటర్ల గురించి, ఒకసారి తన కొడుకు గురించి కూడా అన్నాడు. మోటరు పాడైతే పేచ్‌కస్, అంటే స్క్రూడ్రైవర్, మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకొని కళ్లు మూసుకొని వినేవాడు. విని గానీ చెయ్యి పెట్టేవాడు కాదు. ఎవరైనా తొందరపెడితే సంచీ సర్దుకొని పోయేవాడు. పనితనం ఎంత ఉందో పంతం అంత ఉండేది.

పాత రోలరు జేబులో వేసుకొని గోల్ బజారుకు పోయాడు. తెచ్చినవి సైజు కుదరక మళ్లీ పోయాడు. మూడోసారి తెచ్చినవి ఇంచుమించు కుదిరాయి గానీ రూపాయి బిళ్ల మందం ఎత్తున్నాయి. తలుపు అడుగున గాడిని ఉలితో ఆ మేరకు లోతు చేశాడు. స్క్రూల రంధ్రాలు వదులైపోతే అగరుబత్తి పుల్లలు జిగురులో ముంచి దూర్చి, ఆరాక మళ్లీ బిగించాడు. పట్టాను కిరోసిన్ గుడ్డతో, పాత పళ్ల బ్రష్షుతో తుడిచి తుడిచి వెండిలా చేశాడు. వంగిన అంచును చెక్క ముక్క పెట్టి తట్టి సరిచేశాడు. తర్వాత కొవ్వొత్తి తీసుకొని పట్టా మీద పొడిగా రుద్దాడు. నూనె చుక్క పడొద్దు, గ్రీజు వాసన రావొద్దని నాకు హెచ్చరిక. తన డబ్బాను కూడా మా గడప బయటే పెట్టి వచ్చాడు.

ఇంత చేసినా దుమ్ము ఆగదు కదా కాకా అన్నాను. మా ఊళ్లో పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రం పేరు రాయొచ్చు. కాక కాసేపు తలుపు వైపు చూసి, ఇంట్లో పాత హవాయి చెప్పు ఉందా అన్నాడు. బాపు కుడికాలి చెప్పు ఉంది. ఆ కాలికి ఇక చెప్పు తొడగడం లేదు గనుక అది మూలన పడి ఉంది. దాన్ని కత్తితో పట్టా గాడికి సరిపోయేట్టు రెండు ముక్కలుగా కోసి, తలుపు అడుగున, ముందు రోలరుకు ముందొకటి, వెనక రోలరుకు వెనకొకటి బిగించాడు. బెల్టుకు అంటిన బొగ్గును గీకి పడేయడానికి గనిలో రబ్బరు పట్టీ ఉంటుందట, ఇదీ అదే పని చేస్తుందన్నాడు. తలుపు ఎటు జరిగితే అటు ముందు చెప్పు ముక్క దుమ్మును తోసేస్తుంది, దాని వెనక చక్రాలు శుభ్రమైన దారి మీద నడుస్తాయి. "తన తొవ్వ తనే ఊడ్చుకుంటది" అన్నాడు. తలుపుకు చెప్పు కడతావా అని నేను నవ్వితే, దిష్టి కూడా పోతుంది, రెండు పనులు అన్నాడు.

పిడి కూడా మార్చాడు. నిలబడ్డ మనిషి చేతికి అందే ఎత్తున ఉన్నదాన్ని విప్పి, బాపును కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఎడమ మోచెయ్యి ఎక్కడికి వస్తుందో పెన్సిలుతో గీత పెట్టి అక్కడ బిగించాడు. తలుపు పెట్టించిన ఏడాదిలో ఆ సంగతి వడ్రంగికీ తోచలేదు, నాకూ తోచలేదు.

అంతా అయ్యాక బాపును గదిలోకి పంపి, మూసుకోమన్నాడు. తలుపు మూసుకుంది. తెరవమన్నాడు. కాసేపు ఏమీ కాలేదు. నేను అలవాటు కొద్దీ లేవబోతే కాక చేత్తో ఆపాడు. తలుపు రెండు వేళ్లతో నెట్టినంత తేలిగ్గా జరిగింది. బాపు మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు. నాలుగైదు సార్లు. కాక అటు చూడలేదు. మా వైపు వీపు పెట్టి స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాడు. అంత సేపు ఏరడానికి అక్కడ అన్ని స్క్రూలు లేవు.

ఆ సాయంత్రం సీసా ఖాళీ అయింది. బాపు దాన్ని ఒళ్లో పెట్టుకొని వంటింటి దాకా తనే వచ్చి, నింపమని ఇచ్చాడు. నేను ఆ మాట అన్నందుకు క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆయన నా మొహం చూసి, చల్లటివి పోయమన్నాడు.

కొన్ని రోజులకు కొత్త రాష్ట్రం వచ్చింది. టీవీలో పాటలు, రంగులు, జనం. బాపు పొద్దున్నే తెల్ల అంగీ వేయించుకొని తనే హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. కాక మామూలు చోట నేల మీద. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. తను పుట్టిన ఊరు ఏ రాష్ట్రంలో ఉందో ఇప్పుడు వేరే పేరు చెప్పాలి. కాక కొంతసేపు చూసి, ఈసారి హద్దు గీసేముందు మిమ్మల్ని అడిగినట్టున్నారు, మంచిదే, మమ్మల్ని అప్పుడు అడగలేదు అన్నాడు. ఆ మాటలో వెటకారం ఎంతో, బాధ ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. బాపు కుర్చీలోంచి వంగి ఎడమ చేత్తో ఆయన భుజం మీద తట్టాడు. ఇద్దరికీ స్వీటు పెట్టాను.

వానాకాలం తర్వాత కాక చిక్కిపోయాడు. నాలుగిళ్ల దూరం నడిచి వచ్చినా ఆయాసం. ఇన్నేళ్ల బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు అన్నాడట. ఇంట్లో సంచీ దాచిపెట్టారు. అయినా పోయిన నెల ఒక మధ్యాహ్నం చేతిలో పేచ్‌కస్ ఒక్కటి పట్టుకొని వచ్చాడు. చెప్పు ముక్కలు అరిగి ఉంటాయి, మార్చాలన్నాడు. తలుపు బాగానే నడుస్తోంది కాకా అంటే, నడుస్తున్నప్పుడే మార్చాలన్నాడు. తలుపును నేను ఎత్తి తీసి నేల మీద పడుకోబెట్టాను. ఆయన నేల మీద కూర్చుని, ప్రతి స్క్రూకూ ఆగి ఊపిరి తీసుకుంటూ, ముక్కలు మార్చి, నా చేత తలుపు మళ్లీ ఎక్కించాడు. అరగంట పని రెండు గంటలైంది. ఎవరమూ తొందర పెట్టలేదు. బాపు గుమ్మం లోపల కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాడు.

నేను టీ పెట్టడానికి వెళ్లాను. సగం గ్లాసు పోసుకొని తిరిగి వస్తుంటే కాక లేవడానికి చూస్తున్నాడు. ఒక చెయ్యి తలుపు చౌకట్టు మీద వేశాడు, మోకాలు లేపాడు, కూలబడ్డాడు. మళ్లీ ప్రయత్నించాడు. ఆయన మొహంలో అంతకు ముందెప్పుడూ చూడని కంగారు. నేను గ్లాసు కింద పెట్టి పరుగెత్తబోయాను.

అప్పుడు బాపు కుర్చీ బ్రేకు వేసిన చప్పుడు వినిపించింది. ముందు ఒక చక్రానికి, తర్వాత నడుము తిప్పి, అవతలి చక్రానికి. కుర్చీ కదలదని చూసుకొని, ముందుకు వంగి, ఎడమ చెయ్యి చాపాడు. కాక ఆ చేతి వైపు చూశాడు. బాపు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పట్టు తమ్మీ" అన్నాడు.

కాక పట్టుకున్నాడు. బాపు మెడ నరాలు ఉబ్బాయి, కుర్చీ కిర్రుమంది, కాక మోకాలు మీదికి, అక్కడి నుంచి కాళ్ల మీదికి లేచాడు. చౌకట్టుకు ఆనుకొని ఊపిరి కుదుటపడేదాకా నిలబడ్డాడు. నేను గ్లాసు మళ్లీ చేతికి తీసుకొని, వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. బాపు ఇంకా ఆ చెయ్యి వదల్లేదు. కాక వదలమనలేదు.